నడుం నొప్పికి కొత్త పరుపు: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. నడుం నొప్పితో వచ్చేవాళ్లలో సగం మంది కుర్చీలో కూర్చోకముందే అడిగే మాట "ఏ పరుపు కొనమంటారు?" అని. నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి అని నేను నోరు తెరిచేలోపే ఫోన్ తీసి నాలుగు పరుపుల ఫొటోలు చూపించేస్తారు. పరుపులు అమ్మేది నేను కాదు, ఏ కంపెనీతోనూ నాకు లావాదేవీ లేదు, కానీ ఇవే మాటలు రోజూ చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి ఒకేచోట రాసి పడేస్తున్నా.

అపోహ: నడుం నొప్పి ఉంటే పరుపు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది

ముందు నా తప్పు ఒప్పుకుంటా. ప్రాక్టీసు కొత్తలో నేను కూడా వచ్చినవాళ్లందరికీ "బల్ల మీద పడుకోండి" అని చెప్పేశాను. సీనియర్లు చెప్పేవాళ్లు, మేమూ చెప్పేవాళ్లం, ఎందుకు అని ఎవరం అడగలేదు. తర్వాత లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో 2003లో వచ్చిన స్పెయిన్ స్టడీ చదివాక నోరు మూసుకున్నా. చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిని రెండు గుంపులు చేసి ఒకళ్లకి గట్టి పరుపు, ఇంకొకళ్లకి మధ్యరకం పరుపు ఇచ్చి 90 రోజులు చూశారు, ఎవరికి ఏది వచ్చిందో వాళ్లకి చెప్పలేదు. పడుకున్నప్పటి నొప్పి, పొద్దున లేచేటప్పటి నొప్పి, రోజువారీ పనుల్లో ఇబ్బంది, ఈ మూడింటిలోనూ మధ్యరకం పరుపు వాళ్లే మెరుగ్గా ఉన్నారు. వాళ్లు వాడిన కొలతలో 1 అంటే బాగా గట్టి, 10 అంటే బాగా మెత్తన, అందులో గట్టి పరుపు 2.3, మధ్యరకం 5.6. అంటే నిజంగానే నడిమధ్య అన్నమాట. చిక్కేంటంటే షాపులో "మీడియం ఫర్మ్" అని రాసున్న పరుపులన్నీ ఒకేలా ఉండవు, ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి గట్టిది, కాబట్టి లేబుల్ చూసి కాదు, పడుకుని చూసి తేల్చుకోవాల్సిందే.

ఎందుకిలా అంటే, పక్కకి తిరిగి పడుకున్నప్పుడు మన ఒంట్లో బయటికి పొడుచుకొచ్చేవి భుజం, తుంటి. పరుపు మరీ గట్టిదైతే అవి లోపలికి దిగవు, నడుం దగ్గర ఆనేదేమీ లేక గాల్లో వేలాడుతుంది, రాత్రంతా ఆ కండరాలకి విశ్రాంతి ఉండదు. మరీ మెత్తనైతే తుంటి కుంగిపోయి ఒళ్లు ఊయలలో పడుకున్నట్టు వంగిపోతుంది, పైగా పక్కకి పొర్లాలన్నా కష్టమే. ఇంట్లో ఎవరినైనా వెనకనుంచి ఫొటో తీయమనండి, మెడ నుంచి తోకఎముక దాకా గీత దాదాపు తిన్నగా ఉంటే ఆ పరుపు మీకు సరిపోయినట్టే. బరువున్నవాళ్లు ఇంకొంచెం గట్టిది, సన్నగా ఉండి పక్కకి పడుకునేవాళ్లు ఇంకొంచెం మెత్తనిది చూసుకోవచ్చు. ఒకే మంచం మీద పడుకునే ఇద్దరి బరువుల్లో బాగా తేడా ఉంటే ఒకే పరుపుతో ఇద్దరికీ కుదరడం కష్టం, రెండు సింగిల్ పరుపులు పక్కపక్కన వేసుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అపోహ: ఆర్థోపెడిక్ అని రాసుందంటే డాక్టర్లు ఓకే చేసినట్టే

కాదు. పరుపు మీద ఆ మాట వేసుకోవడానికి అందరూ పాటించాల్సిన మెడికల్ పరీక్షంటూ ఏదీ లేదు. చాలాసార్లు దానర్థం "మామూలు దానికంటే గట్టిది" అంతే, ఆ గట్టితనం మీకు మంచిదో కాదో పైన చెప్పా.

అపోహ: నడుం నొప్పి వచ్చిందంటే తప్పు పరుపుదే

నేను అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే, ఎందుకంటే నొప్పి ఎప్పుడు వస్తుందో చూస్తే పరుపు మార్చాలా వద్దా అన్నది సగం తేలిపోతుంది. పొద్దున లేవగానే నడుం పట్టేసి, ఓ ఇరవై నిమిషాలు అటూ ఇటూ తిరిగితే వదిలిపోయి, వేరే ఇంట్లోనో హోటల్లోనో పడుకున్నప్పుడు అసలు రాకపోతే, అప్పుడు మీ పరుపుని అనుమానించండి. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి, అది కూడా గంటల తరబడి కూర్చున్న రోజుల్లో పెరుగుతుంటే మీరు చూసుకోవాల్సింది కుర్చీని, కూర్చునే గంటల్ని, పరుపుని కాదు.

ఇంకో రకం ఉంది, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నలభై ఏళ్లలోపు మొదలై నెలల తరబడి సాగుతూ, తెల్లవారుజామున నొప్పికి మెలకువ వచ్చేసి, లేచాక అరగంట దాటినా బిగుసుకుపోయినట్టే ఉండి, పడుకుంటే పెరిగి నడిస్తే తగ్గే నొప్పి. ఇది ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ లాంటి, వెన్ను కీళ్లలో వాపు వచ్చే జబ్బు కావచ్చు, రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) చూడాలి. ఇలాంటి ఒకబ్బాయి నా దగ్గరికి వచ్చేసరికి రెండేళ్లలో మూడు పరుపులు మార్చాడు. పరుపులు అమ్మినవాళ్లని అనలేం, వాళ్ల పని వాళ్లు చేశారు, కానీ ఆ రెండేళ్లు వెనక్కి రావు కదా.

ఇక మూత్రం, మలం మీద కంట్రోల్ తప్పడం, తొడల మధ్య తిమ్మిరెక్కడం, కాలు బలహీనపడి పాదం ఈడుస్తూ నడవడం, వీటిలో ఏది ఉన్నా పరుపుల షాపుకి కాదు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ముందెప్పుడైనా కాన్సర్ వచ్చి ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

ఒక చిన్న సంగతి, ఇది తెలిస్తే చాలామందికి భయం పోతుంది. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున మనం సాయంత్రం కంటే ఓ సెంటీమీటరో ఇంకాస్తో పొడుగుంటాం. ఉబ్బిన డిస్కు వంగనివ్వదు. కాబట్టి ఎంత మంచి పరుపైనా లేచిన మొదటి గంటలో కొంచెం బిగుతుగా అనిపించడం మామూలే, ఆ టైంలో నేలమీదకి వంగి బరువులెత్తే పనులు పెట్టుకోకుండా ఉంటే అదే చాలామందికి ఊరట ఇస్తుంది.

అపోహ: పాత పరుపు పడేసి కొత్తది కొంటేనే తేలుతుంది

కొనేముందు ఇంట్లోనే ఖర్చు లేకుండా చూసుకోవాల్సినవి ఉన్నాయి. దుప్పటి తీసేసి పరుపు మీద అడ్డంగా ఒక తాడు బిగించి పట్టుకోండి, మీరు పడుకునే చోట తాడుకీ పరుపుకీ మధ్య రెండు వేళ్లు దూరేంత గుంట ఉంటే దాని పని అయిపోయినట్టే. ఏడెనిమిదేళ్లు వాడిన పరుపుల్లో ఇది మామూలుగా కనపడేదే. గుంట లేకపోతే మంచం చూడండి. ఒకావిడ కొత్త పరుపు కొన్నా నొప్పి అలాగే ఉందని వచ్చారు, మంచం కింద చూడమంటే నడుం వచ్చే చోట అడ్డచెక్క రెండు ముక్కలైపోయి ఉంది! చెక్కలు బాగానే ఉండి వాటి మధ్య సందులు ఎక్కువున్నా పరుపు కుంగుతుంది, పైన ఒక ప్లైవుడ్ షీట్ వేస్తే సరిపోతుంది. పరుపు మరీ గట్టిదనిపిస్తే పైన టాపర్ (పరుపు మీద పరిచే పల్చటి మెత్తని పొర) వేసి నాలుగు వారాలు చూడండి. దిండ్ల సంగతి కూడా మర్చిపోవద్దు, పక్కకి పడుకునేవాళ్లు మోకాళ్ల మధ్య ఒకటి, వెల్లకిలా పడుకునేవాళ్లు మోకాళ్ల కింద ఒకటి పెట్టుకుంటే నడుం మీద లాగుడు తగ్గుతుంది. ఇది నేను చెప్తే చాలామంది నవ్వేస్తారు, వారం తర్వాత ఫోన్ చేసి బావుందంటారు.

అపోహ: మెమరీ ఫోమ్‌ని నాసా కనిపెట్టింది కాబట్టి అదే నంబర్ వన్

నాసా మాట నిజమే, 1966లో నాసా ఏమ్స్ సెంటర్ కోసం చేసిన పనిలో పుట్టింది అది. కానీ వాళ్లు చేయించింది విమానం సీట్లు దెబ్బని తట్టుకోవడానికి, మీ నడుం కోసం కాదు. ఒంటి వేడికి మెత్తబడి ఆకారానికి తగ్గట్టు దిగుతుంది, ఎముకలు ఒత్తుకునేవాళ్లకి హాయిగానే ఉంటుంది. కాకపోతే వేడి పట్టుకుంటుంది, చలిలో గట్టిపడుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా నొప్పితో పక్కకి తిరగడానికే అవస్థపడేవాళ్లకి అందులోంచి బయటికి రావడం గుంటలోంచి లేచినట్టుంటుంది. అలాంటివాళ్లకి లేటెక్స్ (రబ్బరు ఫోమ్) లాంటి, నొక్కి వదిలితే వెంటనే పైకి లేచే గుణం ఉన్నది నయం.

సేల్స్‌మన్ "హై డెన్సిటీ అండి, గట్టిగా ఉంటుంది" అంటే నమ్మకండి. డెన్సిటీ అంటే ఒక క్యూబిక్ మీటర్ ఫోమ్ ఎన్ని కిలోలుందన్న లెక్క, అది ఎన్నాళ్లు కుంగకుండా ఉంటుందో చెప్తుంది, మెత్తనో గట్టో చెప్పదు. డెన్సిటీ ఎక్కువుండి మెత్తగా ఉండే ఫోమ్ కూడా ఉంటుంది. స్ప్రింగుల్లో పాకెట్ స్ప్రింగ్ అయితే ఒక్కోటి విడిగా కదులుతుంది, పక్కవాళ్లు పొర్లితే మీరు ఊగరు, బోనెల్ అయితే అన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. మిగతా జెల్, చార్కోల్, అయస్కాంతం లాంటివి నడుం నొప్పి లెక్కలో నేను పట్టించుకోను.

అపోహ: మంచి పరుపు కొని వారం పూర్తిగా పడుకుంటే నొప్పి పోతుంది

1986లోనే అమెరికాలో నడుం నొప్పి ఉన్నవాళ్ల మీద చూశారు, రెండు రోజులు పడుకోమన్నవాళ్లూ ఏడు రోజులు పడుకోమన్నవాళ్లూ ఒకేలా కోలుకున్నారు, రెండు రోజులవాళ్లు పనికి మాత్రం త్వరగా వెళ్లారు. 1995 ఫిన్లాండ్ స్టడీలో అయితే ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకున్నవాళ్లే అందరికంటే బాగా కోలుకున్నారు. పరుపు రాత్రి కోసం, పగలు నడవండి.

అపోహ: షాపులో కూర్చుని నొక్కి చూస్తే తెలిసిపోతుంది

చేత్తో నొక్కితే చెయ్యికి తెలుస్తుంది, నడుంకి తెలీదు. చెప్పులు విప్పి, మీరు రోజూ పడుకునే భంగిమలోనే కనీసం పదిహేను నిమిషాలు పడుకోండి, ఎవరో చూస్తున్నారని లేచిపోవద్దు, వీలైతే మీ దిండు తీసుకెళ్లండి. రెండుసార్లు పక్కకి తిరగండి, అంచున కూర్చుని లేవండి. అప్పుడు కూడా సగమే తెలుస్తుంది, ఎందుకంటే పాత పరుపుకి అలవాటుపడ్డ ఒళ్లు కొత్తదానికి సర్దుకోవడానికి మూడు నాలుగు వారాలు తీసుకుంటుంది, మొదటి వారం కొత్త నొప్పి వచ్చినా కంగారుపడి వెనక్కి పంపేయకండి. నెల దాటినా పొద్దున పాతదానికంటే ఘోరంగా ఉంటే మాత్రం ఇచ్చేయండి, మొహమాటపడకండి.

అందుకే ట్రయల్ ఉన్నదే కొనమంటా, కొనేటప్పుడే ఎన్ని రోజుల ట్రయల్, తిరిగి తీసుకెళ్లే ఖర్చు ఎవరిది, మరకపడితే తీసుకుంటారా లేదా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. వారంటీలో కూడా ఎన్ని సెంటీమీటర్ల గుంట పడితే మారుస్తారో చూడండి, గుంట పడకుండా ఊరికే మెత్తబడిపోతే చాలా వారంటీలు వర్తించవు. మొదటి రోజే మీద ఒక కవర్ తొడిగేయండి, పాత పరుపుని మాత్రం ట్రయల్ అయ్యేదాకా ఎవరికీ ఇచ్చేయకండి.