ఈగలు తోలే తోక

చెక్ భాషలో తోకకు వాడుక మాట ‘ఒత్సస్’. దాన్ని పక్కన పెడదాం. నన్ను వదలకుండా పట్టుకున్నది రెండో మాట, ‘ఒహొన్’. గుర్రం, నక్క వంటి జంతువుల కుచ్చుతోకకు ఈ పేరు. వెనక్కి దువ్వి ఎత్తుగా ముడివేసిన జుట్టును కూడా చెక్కులు ‘గుర్రపు ఒహొన్’ అంటారు.

ఎండలో నిలబడిన ఆవును కాసేపు చూడండి. డొక్క మీద ఈగ వాలగానే చర్మం అక్కడొక్కచోటే వణుకుతుంది. వెంటనే తోక లేచి, కొసన ఉన్న కుచ్చు కొరడాలా వచ్చి తగులుతుంది. ఈగ లేస్తుంది, మళ్లీ వాలుతుంది, తోక మళ్లీ లేస్తుంది. ఇలా మూగినవాటిని తోలుకోవడాన్ని చెక్‌లో ‘ఒహాన్యెత్ సె’ అంటారు. ఒహొన్ ఆ క్రియకు తోబుట్టువు. రూపును బట్టి కాదు, చేసే పనిని బట్టి పెట్టిన పేరది! రెండింటికీ మూలంలో ఉన్నది ‘హ్నాత్’, అంటే తోలడం. మనం ఈగలనూ తోలుతాం, గొడ్లనూ తోలుతాం. హ్నాత్ కూడా మందలను తోలే మాటే.

పోలిష్‌లో తోక ‘ఒగొన్’. పాత ‘గ’ అక్కడ అలాగే నిలిచింది, చెక్‌లో మధ్యయుగాల్లో ‘హ’ అయింది. ఇంకా వెనక్కి వెళితే, చెక్, సంస్కృతం వంటి భాషలకు ఉమ్మడి మూలమైన ఇండో-యూరోపియన్ భాషలో, భాషావేత్తలు పునర్నిర్మించిన ‘ఘ్వెన్’ అనే ధాతువు వస్తుంది. కొట్టడం, చంపడం దాని అర్థం. సంస్కృతంలో అదే ‘హన్’. ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. రెండూ ఆ ధాతువు నుంచే వచ్చినా, హంతకుడిలో ‘హ’, శత్రుఘ్నుడిలో ‘ఘ’ ఎందుకు? ‘ఎ’ ముందున్న ‘ఘ’ మెత్తబడి ‘హ’ అయింది, తర్వాత ఆ ‘ఎ’ కూడా ‘అ’గా మారింది. పక్కన నేరుగా ‘న’ ఉన్నచోట ‘ఘ’ చెక్కుచెదరలేదు. చెక్, పోలిష్ చేరిన స్లావిక్ భాషల్లోనూ ‘ఎ’ ఇలాగే ముందున్న హల్లును మెత్తబరిచింది. అందుకే చెక్‌లో తోలడం ‘హ్నాత్’, తోలుతున్నాను అంటే ‘ఝెను’. ‘హన్’, ‘హ్నాత్’ రెండింటిలోనూ ‘హ’ కనిపిస్తున్నా, అవి వేర్వేరు దారుల్లో వచ్చిన హకారాలు.

బడిలో సంధులు వల్లె వేయిస్తారు కానీ, శత్రుఘ్నుడి పేరులో ఇంత చరిత్ర ఉందని ఎవరూ చెప్పరు. అది నాకు బాధగా ఉంటుంది. చెప్పకపోతే పిల్లలు వినికిడి పోలికతోనే చుట్టరికాలు కలిపేస్తారు: తోలేది కాబట్టి తోక అని. తోక వేరే ఇంటి మాట, ద్రావిడ భాషలది. తమిళంలో దాని తోబుట్టువు ‘తోగై’, నెమలి పింఛం.