కాన్సెప్ట్ తట్టలేదా? ముందు టేపు పట్టండి

"మేడమ్, కాన్సెప్ట్ ఇంకా తట్టలేదు." ఆర్కిటెక్చర్ మొదటి ఏడాది డిజైన్ క్లాసులో, అంటే స్టూడియోలో, ఈ మాట వినని వారం ఉండదు. డిజైన్లు చూసి మార్కులేసే జ్యూరీ నాలుగు రోజుల్లో ఉంటుంది, బటర్ పేపర్ మీద ఒక్క గీత ఉండదు, పిల్లల కళ్లలో నిద్ర ఉండదు.

అపోహ: డిజైన్ అంటే ఒక్కసారిగా మెరిసే ఐడియా. అనాలిసిస్ అంటే అంతకుముందు మార్కుల కోసం నింపే షీట్లు.

వాస్తవం: అనాలిసిస్ చేస్తుండగానే డిజైన్ మొదలైపోతుంది. తామర పువ్వు ఆకారంలో ప్లాన్ పెడితే జ్యూరీలో గట్టెక్కుతామని సీనియర్లు చెప్పే మాట దయచేసి నమ్మకండి. ఆ పువ్వులో బాత్రూమ్ ఎక్కడ పెట్టాలో తెలియక సెమిస్టర్ పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

అహ్మదాబాద్ సబర్మతి ఆశ్రమంలో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా కట్టిన గాంధీ స్మారక సంగ్రహాలయం కేస్ స్టడీగా ఇస్తే, చాలామంది ఫొటోలు అతికించి, 1963 అని రాసి, "ఇటుక, పెంకు, చెక్క" అని ముగిస్తారు. అది సమాచారం మాత్రమే. 6 మీటర్ల చదరాలతో కట్టిన ఆ భవనంలో కొన్ని చదరాలకు కప్పు ఎందుకు లేదు? కిటికీలకు అద్దాల బదులు చెక్క పలకలెందుకు? పక్కనే గాంధీగారు ఉన్న హృదయ్ కుంజ్ అంత చిన్న ఇల్లు కదా, దాని దగ్గర ఎంత ఎత్తు లేపితే బాగుంటుంది? ఇలా అడగడం మొదలుపెడితే అది అనాలిసిస్.

రెండేళ్ల కిందట గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒకమ్మాయి నా ముందు ఏడ్చేసింది. తనకి ఐడియాలు రావట, కోర్సు మానేస్తుందట. దసరా సెలవులకు వెళ్లి అమ్మమ్మగారి మండువా లోగిలి కొలుచుకు రమ్మన్నాను. వంకర గీతలతో ఒక సెక్షన్, అంటే ఇంటిని నిలువుగా కోసినట్టు చూపించే బొమ్మ, తెచ్చింది. అందులో పొద్దున అమ్మమ్మ కూరలు తరిగే చోటు తూర్పు వసారా, మధ్యాహ్నం నడుం వాల్చే చోటు పడమటి వసారా. ఎండ ఎటు నుంచి దిగుతుందో కూడా గీసింది. "నీడ ఎటుంటే అమ్మమ్మ అటు మారుతుంది మేడమ్, చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, ఎప్పుడూ పట్టించుకోలేదు" అంది. ఆ సెమిస్టర్‌లో తను చేసిన చిన్న లైబ్రరీలో మండువా కాపీ లేదు. మధ్యలో ఖాళీ జాగా, పొద్దున చదువుకోవడానికి ఒక వైపు, సాయంత్రానికి రెండో వైపు. కాన్సెప్ట్ ఏదని జ్యూరీలో ఎవరూ అడగలేదు.

మిగతా అపోహల సంగతి త్వరగా చెప్పేస్తాను. బొమ్మలు రావని భయపడకండి, గీత సాధనతో వస్తుంది. మొదటి ఏడాదే సాఫ్ట్‌వేర్ రాకపోతే వెనకబడిపోతామనే టెన్షన్ అక్కర్లేదు. వాస్తు సంగతి క్లయింటు అడిగినప్పుడు చూసుకోవచ్చు.

అమ్మాయిలూ, అబ్బాయిలూ, ఈ వారం మీ హాస్టల్ మెట్లు కొలవండి. ఒక్కో మెట్టు ఎత్తెంత, వెడల్పెంత? సాయంత్రం ఫోన్లు పట్టుకుని అందరూ ఏ మెట్టు మీద కూర్చుంటున్నారు? గాలి ఎటు నుంచి వస్తోంది? సెక్షన్ గీసి సోమవారం స్టూడియోకి తీసుకురండి. గీతలు వంకరగా ఉన్నా ఫర్వాలేదు.