పేపర్లో ఫొటో పడితే నేరం రుజువైనట్టేనా?

జిల్లా ఎడిషన్ డెస్కులో క్రైమ్ వార్తలు దిద్దడం నా పని. ఆఫీసుకు ఒకే రకం ఫోన్లు పదే పదే వస్తుంటాయి. "సార్, మేం చూసిన సంబంధం అబ్బాయి పేరు ఏదో కేసులో మీ పేపర్లో వచ్చిందట, నిజమేనా?" అని ఒకరు. "మా తమ్ముడి ఫొటో వేశారు, ఇక జైలు ఖాయమేనా అన్నా?" అని ఏడుస్తూ ఇంకొకరు. వార్త వచ్చిందంటే విషయం తేలిపోయినట్టేనని ఇద్దరూ అనుకుంటున్నారు. ఈ ఒక్క నమ్మకంతో ఉద్యోగాలు పోయాయి, కుదిరిన పెళ్లిళ్లు తప్పిపోయాయి, కుటుంబాలు ఊళ్లు వదిలి వెళ్లాయి. అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

అపోహ: అరెస్టు వార్త ఫొటోతో సహా వచ్చిందంటే నేరం రుజువైనట్టే.

వాస్తవం: అరెస్టు వార్తలో ఉండేది పోలీసుల మాట ఒక్కటే. అది అబద్ధమని నేను అనను. అవతలివాళ్లు ఏం చెబుతారో అప్పటికి ఎవరూ వినలేదు, అంతే.

ఆ వార్త ఎలా తయారవుతుందో చూడండి. మధ్యాహ్నం డీఎస్పీ ఆఫీసులో ప్రెస్ మీట్. టేబుల్ మీద సెల్‌ఫోన్లు, నగలు, కట్టలు విప్పిన నోట్లు. బయట స్వాధీనం చేసుకున్న బైకుల వరుస. అధికారుల వెనక ముఖాలకు ముసుగులేసి నిలబెట్టిన కుర్రాళ్లు. కాసేపటికి ప్రెస్ నోటు, ఫొటో విలేకరుల వాట్సాప్ గ్రూపులో పడతాయి. మండల విలేకరి దాన్ని తిరగరాసి పంపుతాడు. డెస్కు దాన్ని కుదించి, హెడ్డింగ్ పెట్టి పేజీలోకి పంపుతుంది. ఎడిషన్ టైము అయ్యేసరికి ఆ ముసుగు వెనక ఉన్నవాడి ఇంట్లోవాళ్లను గానీ, లాయరును గానీ పలకరించినవాళ్లు చాలాసార్లు ఎవరూ ఉండరు. నిందితుడితో మాట్లాడదామంటే అతను పోలీసుల అదుపులో ఉంటాడు. పోలీసులు మీడియాకు వివరాలు చెప్పే తీరుపై సమగ్ర మార్గదర్శకాలు తయారు చేయమని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖను ఆదేశించింది కూడా.

ఆ ప్రెస్ నోటులో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: 'విచారణలో నిందితుడు నేరాన్ని అంగీకరించాడు.' అది చదివి "వాడే ఒప్పుకున్నాడట, ఇంకేముంది" అంటారు జనం. పోలీసుల దగ్గర ఒప్పుకున్న మాటను నిందితుడి మీద సాక్ష్యంగా వాడటానికి వీల్లేదని చట్టమే చెబుతోంది. పాత సాక్ష్యాధారాల చట్టంలో 25వ సెక్షన్ అదే, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ అదే. అతను చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు బయటపడితే, ఆ మేరకే ఆ మాటకు విలువ. పాఠకుల మనసులో బలంగా నాటుకునే వాక్యానికి కోర్టులో ఉన్న బలం ఇంతే. రిమాండ్ శిక్ష కాదు, ఛార్జిషీటు తీర్పు కాదు అని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో జరిగిన బీఫార్మసీ విద్యార్థిని హత్య తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2008 ఆగస్టులో ఒక పేదింటి యువకుడిని అరెస్టు చేసి, ఇతనే హంతకుడన్నారు. ఇతను కాదని హతురాలి తల్లిదండ్రులే చెబుతూ వచ్చారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు అతనికి 14 ఏళ్ల శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని తేల్చింది. అప్పటికి అతని వయసులో ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను 1994లో గూఢచర్యం కేసులో అరెస్టు చేసినప్పుడు మలయాళ పత్రికలు ఆ కథను రోజుల తరబడి మోశాయి. 1996లో సీబీఐ ఆధారాల్లేవంది. 2018లో సుప్రీంకోర్టు 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది.

వాళ్లు బయటపడ్డారన్న సంగతి కనీసం అందరికీ తెలిసింది, ఎందుకంటే అవి పెద్ద కేసులు. చిన్న కేసుల్లో అదీ జరగదు. కేసు కొట్టేసిన రోజు ప్రెస్ మీట్ ఉండదు, ప్రెస్ నోటు రాదు, గ్రూపులో ఫొటో పడదు. అరెస్టు వార్త రాసిన విలేకరి అప్పటికి వేరే మండలానికో, వేరే పేపరుకో వెళ్లిపోయి ఉంటాడు. తీర్పు కాపీ ఎవరో ఒకరు తెచ్చిస్తే తప్ప డెస్కుకు తెలిసే దారే లేదు.

ఒకసారి ఒక పెద్దాయన ఆఫీసుకు వచ్చారు. ఎరువుల షాపు కవర్లో జడ్జిమెంటు కాపీ, దాంతోపాటు పాత పేపర్ కటింగ్. మడతల దగ్గర చిరిగితే సెల్లోటేపు అంటించారు. కొడుకు మీద పెట్టిన బైకుల దొంగతనం కేసును కోర్టు కొట్టేసింది. "నేను చెబితే ఊళ్లో ఎవరూ నమ్మట్లేదు బాబూ, పేపర్లో వస్తేనే నమ్ముతారు" అన్నారు. అరెస్టు వార్త నాలుగు కాలాల్లో ఫొటోతో వచ్చింది. కొట్టివేత వార్త సింగిల్ కాలమ్‌లో, పేజీ అడుగున వచ్చింది. ఆయన దాన్నే జిరాక్సులు తీయించి కిరాణా కొట్టులో, పాల కేంద్రంలో ఇచ్చి వచ్చారట. కొడుకును మాత్రం పెట్రోలు బంకువాళ్లు మళ్లీ పనిలో పెట్టుకోలేదు.

మీడియా జనం మనసులు మార్చేస్తుందా లేదా అని పెద్ద చర్చలు జరుగుతుంటాయి. అమెరికాలో 1968 ఎన్నికల సమయంలో మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు చాపెల్ హిల్ అనే ఊళ్లో ఓటర్లను అడిగి చూశారు. మీడియాలో ఎక్కువగా కనబడిన విషయాలనే ఓటర్లూ ముఖ్యమైనవిగా చెప్పారు. నేను డెస్కులో చూసేదీ అదే. అరెస్టు కనబడుతుంది కాబట్టి అందరి నోళ్లలో నానుతుంది. విడుదల కనబడదు కాబట్టి జరగనట్టే లెక్క.

సంబంధం చూసేవాళ్లకు, ఉద్యోగం ఇచ్చేవాళ్లకు ఒక మాట. పాత కటింగ్ పట్టుకుని నిర్ణయం తీసుకోకండి. ఈ-కోర్ట్స్ సైటులోనో, యాప్‌లోనో పార్టీ పేరుతో గానీ, ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరుతో గానీ కేసు ఇప్పుడు ఎక్కడుందో చూడొచ్చు. కేసు నుంచి బయటపడ్డవాళ్లు తీర్పు సర్టిఫైడ్ కాపీతో ఎడిటర్‌కు ఉత్తరం రాయండి. పాత వార్త వచ్చిన తేదీ, ఎడిషన్, పేజీ నంబరు తప్పక రాయండి. అవి లేకపోతే వెతకడం మాకూ కష్టం. వెబ్‌సైటులో ఉన్న వార్తకు తీర్పు సంగతి జత చేయమని కూడా అడగండి. వార్తే తప్పయితే ముందు ఎడిటర్‌కు రాసి, దినపత్రికలో వచ్చిన రెండు నెలల్లోపు, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. టీవీ చానళ్లు దాని పరిధిలోకి రావు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

హెడ్డింగ్ విలేకరే పెడతాడని అతని మీదికి గొడవకు వెళ్తుంటారు. పెట్టేది డెస్కు. ఉత్తరం ఎడిటర్‌కు రాయండి, ఆ కుర్రాణ్ణి వదిలేయండి.

డబ్బులిస్తేనే వార్తలు వస్తాయంటారు. 2009 ఎన్నికల్లో పెయిడ్ న్యూస్ మన దగ్గర జోరుగా సాగింది. ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం దాని మీద 2010లో పెద్ద నివేదికే ఇచ్చింది. అది సిగ్గుపడాల్సిన విషయమే. అంతమాత్రాన మీకు నచ్చని ప్రతి వార్తా డబ్బు వార్త అయిపోదు.

ఇంతమంది ఫార్వర్డ్ చేశారంటే ఏదో ఉండే ఉంటుందంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారుతో మన రెండు రాష్ట్రాల్లో అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ ముఠా ఎక్కడా లేదు. దేశమంతా ఇలాంటి హత్యలు జరిగాకే ఆ ఏడాది జులైలో వాట్సాప్ భారత్‌లో ఫార్వర్డ్‌లను ఐదుకు పరిమితం చేసింది. గద్వాల జిల్లాలో పోలీసులు డప్పు కళాకారులను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది.

చివరిగా, ఇంట్లోవాళ్ల ఫొటో పేపర్లో చూసి టెన్షన్ పడుతున్నవాళ్లకు. ఆ రోజు పేపర్ ఆఫీసుకు పరుగెత్తకండి, లాయరు దగ్గరకు వెళ్లండి. లాయరుకు ఇచ్చుకునే స్తోమత లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. ఫోన్ చేయాలంటే హెల్ప్‌లైన్ నంబరు 15100.