మంచును తూచడం ఎలా మొదలైంది?

చలికాలంలో కొండల మీద పేరుకున్న మంచు ఎండలు ముదిరాక ఎన్ని నీళ్లిస్తుందో చెప్పగలగడం వందేళ్ల నాటి విద్య. అది ఒక తగాదాలోంచి పుట్టింది.

అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దున తాహో సరస్సు ఉంది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో దాని నీటిమట్టంపై గట్టు మీది వాళ్లకూ దిగువ వాళ్లకూ పడేది కాదు. ముందే వదలకపోతే మంచు కరిగే వేళ గట్టు మునుగుతుంది. ఎక్కువ వదిలేస్తే దిగువన కొరత. అప్పుడు రంగంలోకి దిగిన జేమ్స్ చర్చ్ ఇంజనీరు కాదు, నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ చెప్పే ఆచార్యుడు. చలికాలంలో మౌంట్ రోజ్ శిఖరం ఎక్కడమంటే ఆయనకు ఇష్టం. అంచున పళ్లున్న బోలు గొట్టాన్ని మంచులో నేల తగిలేదాకా దించి, లోపల నిండిన మంచుతో సహా పైకి తీసి తూచాడు. లోతు చూస్తే లెక్క తప్పుతుంది. కొత్తగా పడిన పొడి మంచులో నీరు పదోవంతుకన్నా తక్కువే ఉండొచ్చు, వసంతానికి అణిగి గట్టిపడిన మంచులో సగానికి దగ్గర పడుతుంది. అందుకే బరువు. ఆ బరువును అదే చోటి సగటుతో పోల్చి శాతంగా చెప్పడం చర్చ్ చేసిన అసలు మేలు. 1935లో అమెరికా ప్రభుత్వం ఈ సర్వేను దేశ స్థాయిలో చేపట్టింది.

ఎంత నీరుందో తెలిసినా ఎప్పుడు దిగుతుందన్నది వేరే ప్రశ్న. స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ 1760లలోనే దీని మూలం పట్టుకున్నాడు. సున్నా డిగ్రీలకు చేరగానే మంచు కరిగిపోదు, గ్రాముకు దాదాపు 80 కేలరీల వేడి తాగాకే నీరవుతుంది. ఈ గుణమే లేకపోతే ఏటా భయంకరమైన వరదలొచ్చేవని ఆయన వాదించాడు. పైగా తాజా మంచు తన మీద పడే ఎండలో 80 శాతానికి పైగా వెనక్కి కొట్టేస్తుంది. దుమ్ము పడితే ఆ రక్షణ పోతుంది. 1983లో కొలరాడో నది పరివాహకంలో వసంతం చివర బాగా మంచు పడి, ఆ వెంటనే ఎండలు ముదిరి అది వేగంగా కరగడంతో, వచ్చిన వరదకు గ్లెన్ కాన్యన్ ఆనకట్ట అలుగు సొరంగాలు దెబ్బతిన్నాయి.

ఇప్పటి చిక్కు చలికాలపు ఉష్ణోగ్రతది. సున్నాకు అటూ ఇటూ ఊగే ఎత్తుల్లో ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే చాలు, మంచుగా నిలవాల్సింది వానగా కురిసి అప్పుడే పారిపోతుంది. 2015 ఏప్రిల్ 1న కాలిఫోర్నియా సియెర్రా కొండల్లో మంచులోని నీరు సగటులో 5 శాతమే. అంతకుముందు అతి తక్కువ రికార్డు 25 శాతం. వర్షాభావం ఒక కారణమైతే, మునుపెన్నడూ లేనంత వెచ్చగా గడిచిన ఆ చలికాలం మరొకటి. చర్చ్ శాతాలకు ఆధారం పాత సగటు. చలికాలాలే మారిపోతుంటే ఏప్రిల్ తూకం ఒక్కటే చాలదు. వానా మంచూ మారే ఆ మధ్య ఎత్తుల్లో చలికాలమంతా ఉష్ణోగ్రత కొలవడానికి కూడా అంతే ఖర్చు పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.