తమ్ముడి పద్దు పుస్తకం

చిరంజీవి లాస్యకు, ఈ ఉత్తరం చదివే నీ స్నేహితులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మంచి ప్రశ్న అడిగావు. "టోక్యో ఆసుపత్రిలో ఇన్ని కంప్యూటర్లున్నాయి కదా తాతయ్యా, తమ్ముణ్ణి చూపించడానికి వెళ్ళిన ప్రతిసారీ అమ్మ ఆ చిన్న పుస్తకం ఎందుకు తీసుకెళుతుంది?" అన్నావు.

మా చిన్నతనంలో కిరాణా కొట్టు లెక్కకు రెండు పద్దు పుస్తకాలుండేవి. ఒకటి కొట్లో, రెండోది మా అమ్మ బియ్యం డబ్బాలో. బెల్లం అరవీశె, చింతపండు పావువీశె అని కొట్టాయన రాసిచ్చేవాడు. ఇంటికి రాగానే అమ్మ నాచేత చదివించుకునేది. ఆవిడకు చదువు రాదు, అయినా ఆ పుస్తకం దగ్గరుంటే అదొక ధైర్యం. మీ అమ్మ పుస్తకమూ అలాంటిదే, కాకపోతే అందులో ఉండేది తల్లీబిడ్డల ఆరోగ్యం లెక్క. డాక్టరు రాస్తారు, నర్సు రాస్తుంది, అమ్మా రాస్తుంది. ఉండేది మాత్రం అమ్మ దగ్గరే. తమ్ముడి బరువు పెరిగితే జమ, జ్వరం వస్తే ఖర్చు. టీకా అంటే రాబోయే రోగానికి ముందే తీర్చేసిన బాకీ. ఇల్లు మారినా, డాక్టరు మారినా పద్దు మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోనక్కరలేదు.

ఆ పుస్తకం చాలా కష్టకాలంలో పుట్టింది. 1945 మార్చి 10న ఒక్క రాత్రి బాంబుల వానలో మీ టోక్యోలో దాదాపు లక్షమంది చనిపోయారు. ఆగస్టులో యుద్ధం ఆగేనాటికి ఊరు బూడిద, ఇంటింటా ఆకలి. 1947లో జపానులో పుట్టిన ప్రతి వెయ్యిమంది పసివాళ్ళలో 76 మందికి పైగా మొదటి పుట్టినరోజు చూడలేదు. గర్భిణుల కోసం 1942లోనే మొదలైన చేతిపుస్తకంలోకి 1948లో బిడ్డనూ చేర్చి 'బోషి తెచో' అన్నారు. తల్లీబిడ్డల పుస్తకమని అర్థం. అందులో రేషను పేజీ ఒకటి ఉండేది. పాలు, చక్కెర అదనంగా ఇచ్చినప్పుడు అక్కడ రాసేవారు. ఆకలి రోజుల్లో అలాంటి పుస్తకాన్ని ఏ తల్లి పారేసుకుంటుంది చెప్పు!

అప్పట్లో అక్కడ నూటికి తొంభై కాన్పులకు పైగా ఇంట్లోనే జరిగేవి. చదువుకుని అనుమతి పొందిన మంత్రసానులు వచ్చి పురుడు పోసేవారు. ఆరోగ్య కేంద్రాల నర్సులు ఇళ్ళకు వచ్చి తల్లినీ బిడ్డనూ చూసేవారు. 1960 నాటికి ఆ 76 కాస్తా 31కి దిగింది. అదంతా పుస్తకం మహిమే అనను. తిండి దొరికింది, మందులు వచ్చాయి. కానీ ఇంతమంది చేసిన పనిని ఒక్క బిడ్డ పేరు మీద ఒక్కచోట కూర్చింది ఆ పుస్తకమే.

నా పద్దు ఎక్కడా లేదు. "గాలివాన వచ్చిన ఏడు, వరికోతలప్పుడు పుట్టావురా" అనేది అమ్మ. బడిలో మాస్టారు జూలై 1 అని వేశారు. నాకొక చెల్లెలుండేది. నాలుగో నెలలో పోయింది. పాలు తాగడం ఎప్పుడు తగ్గించిందో, ఎప్పటినుంచి చిక్కిపోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. రోజూ కళ్ళముందుండే బిడ్డ చిక్కడం కంటికి ఆనదు తల్లీ. కాగితం మీద బరువుకో చుక్క పెట్టి, పై నెల ఇంకో చుక్క పెడితేనే ఆనుతుంది. మన ఊరి అంగన్‌వాడీలో ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీల కార్డు మీద టీచరు చుక్క పెడుతుంటే నేను ఇప్పటికీ నిలబడి చూస్తాను.

అందుకే తమ్ముడి పుస్తకాన్ని తడి చేతులతో ముట్టుకోకు. బొమ్మలు గీయడానికి వేరే కాగితం తీసుకో.

ఈ ఆదివారం అమ్మనడిగి నీ పుస్తకం కూడా తీయించు. రెండూ పక్కపక్కన పెట్టి, తమ్ముడి వయసులో నీ చుక్క ఎక్కడుందో వెతుకు. తర్వాత నీ ఏడాది వయసు పేజీ తిప్పు. పట్టుకుని నడుస్తోందా అని అక్కడొక ప్రశ్న ఉంటుంది. ఆ జపాను అక్షరాల పక్కన మీ అమ్మ తెలుగులో ఏమైనా రాసిందేమో చూడు. రాసి ఉంటే ఫోను చేసి నాకు చదివి వినిపించు.

మీ తాతయ్య