మెకార్తీ పేరు పుస్తకంలో ఎన్నిసార్లు రావాలి?

అమెరికాలో మన ఎన్‌సీఈఆర్‌టీ లాంటి సంస్థ లేదు. బడిలో ఏం చెప్పాలన్నది రాష్ట్రాల ఇష్టం. కేంద్ర విద్యాశాఖ సిలబస్ జోలికి రాకూడదని 1979లో ఆ శాఖను పెట్టిన చట్టంలోనే రాసుకున్నారు. అయినా దేశమంతటికీ పనికొచ్చే చరిత్ర ప్రమాణాలు రాద్దామని ఒకసారి ప్రయత్నించారు. చరిత్ర పాఠాల మీద ఇప్పటి గొడవలకు మూలం చాలావరకు అక్కడే ఉంది.

1989లో పెద్ద బుష్ గవర్నర్లందరినీ షార్లట్స్‌విల్‌కు పిలిచి చదువుల లక్ష్యాల మీద సమావేశం పెట్టారు. దాని కొనసాగింపుగా 1992లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ కేంద్రానికి ఆ ప్రమాణాలు రాసే పని అప్పగించారు. డబ్బు ఇచ్చిన సంస్థల్లో ఒకదానికి అప్పట్లో అధిపతి లిన్ చేనీ. తీరా 1994 అక్టోబరులో, ప్రమాణాలు బయటికి రాకముందే, వాటిని ఏకిపారేస్తూ వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వ్యాసం రాసిందీ ఆవిడే. ఆమె వేసిన లెక్క ప్రకారం మెకార్తీ, మెకార్తీయిజం ప్రస్తావన 19 సార్లు, నల్లజాతివారిపై దాడులు చేసిన శ్వేతజాతి ముఠా కూ క్లక్స్ క్లాన్‌ది 17 సార్లు. అంతర్యుద్ధం గెలిపించిన జనరల్ గ్రాంట్ పేరు ఒక్కసారి వస్తుంది, ఎడిసన్ ఊసే లేదు. దేశపు మచ్చలకే చోటిచ్చి గొప్పవాళ్లను వదిలేశారన్నది ఆమె ఫిర్యాదు.

నిజానికి ఆ పేర్లు ఎక్కువగా కనిపించింది టీచర్ల కోసం ఇచ్చిన ఉదాహరణల్లో. ఆ తేడా ఎవరికీ పట్టలేదు. 1995 జనవరిలో సెనేట్ 99-1తో ప్రమాణాలను తప్పుబట్టింది. వాటిని పాటించి తీరాలన్న నియమం కూడా లేదు, అయినా అన్ని ఓట్లు! మరుసటి ఏడాది ఉదాహరణలు తీసేసి సవరించిన ప్రతి తెచ్చారు.

ఇంతకీ మెకార్తీ ఎవరు? విస్కాన్సిన్ సెనేటర్. 1950లో విదేశాంగ శాఖ నిండా కమ్యూనిస్టులున్నారని ఆరోపించి, నాలుగేళ్లపాటు ఎందరినో బోనెక్కించాడు. చివరికి 1954 డిసెంబరులో తోటి సెనేటర్లే 67-22తో అభిశంసించారు. కథ అక్కడితో ముగిసిందనుకుంటే పొరపాటు. సోవియట్ గూఢచారుల రహస్య టెలిగ్రాములను అమెరికన్ సైన్యం కోడ్ విప్పి చదివిన వెనోనా పత్రాలు 1995లో బయటపడ్డాయి. ప్రభుత్వంలో గూఢచారులున్న మాట నిజమేనని తేలింది. అంతమాత్రాన మెకార్తీ వేలు చూపించినవాళ్లంతా దోషులని కాదు. పదకొండో తరగతి పిల్లలకు చెప్పాల్సిన అసలు చిక్కు ఇదేనని నా అభిప్రాయం.

2010 మేలో టెక్సస్ ఆ చిక్కును తనకు నచ్చినట్టు విప్పుకుంది. ఆ రాష్ట్రంలో 1877 వరకు చరిత్ర ఎనిమిదో తరగతిలో చెప్పేస్తారు, తర్వాతిదంతా హైస్కూల్లో. సిలబస్ ఖరారు చేసేది ఓట్లతో గెలిచిన 15 మంది బోర్డు. అంతకుముందు దాని అధ్యక్షుడిగా ఉండి ఈ మార్పులకు పట్టుబట్టిన డాన్ మెక్‌లెరాయ్ వృత్తిరీత్యా దంతవైద్యుడు. మెకార్తీ పాఠానికి వెనోనాను జోడించారు. 1980, 90ల నాటి కన్జర్వేటివ్ ఉద్యమాన్ని, అందులో కన్జర్వేటివ్ నాయకురాలు ఫిలిస్ ష్లాఫ్లీ, తుపాకీ హక్కుల సంస్థ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వంటి పేర్లను చేర్చారు. ఓటింగ్ 9-5, అచ్చంగా పార్టీల లెక్కే: రిపబ్లికన్లు అటు, డెమోక్రాట్లు ఇటు.

కొలరాడోలోని జెఫర్సన్ కౌంటీలో 2014లో వ్యవహారం రోడ్డెక్కింది. అల్లర్లను, చట్ట ధిక్కారాన్ని ప్రోత్సహించని పాఠాలే ఉండాలని స్కూల్ బోర్డులో ఒక ప్రతిపాదన వచ్చింది. పౌరహక్కుల ఉద్యమాన్ని ఆ షరతుతో ఎలా చెప్పాలో మరి! వందలాది విద్యార్థులు క్లాసులు వదిలి బయటికొచ్చారు. ఏడాది తిరిగాక ఓటర్లు ముగ్గురు సభ్యులను రీకాల్ చేశారు, అంటే ఓటేసి మధ్యలోనే పదవి నుంచి దింపేశారు. అదే 2015లో కాలేజ్ బోర్డు కూడా, రిపబ్లికన్ల విమర్శల తర్వాత, హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చదివే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) యూఎస్ హిస్టరీ సిలబస్‌ను తిరగరాసింది.

బడుల్లో ‘దేశభక్తి చదువు’ కోసమంటూ 2020లో ట్రంప్ పెట్టిన 1776 కమిషన్, 2021లో గద్దెనెక్కిన రోజే బైడెన్ దాన్ని రద్దు చేయడం, 2025లో మళ్లీ ప్రాణం పోయడం ఈ మధ్యవే, అందరికీ తెలిసినవే.

డాలస్ పక్కన ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఉన్న మన పిల్లలు చదివేది కూడా ఈ సిలబస్‌లే. ఏపీ పరీక్ష మే మొదట్లో ఉంటుంది. 1980 నుంచి నేటి దాకా ఉన్న ఆఖరి యూనిట్‌కు అందులో వాటా 4 నుంచి 6 శాతం. ఏప్రిల్‌లో టైం చాలకపోతే టీచర్లు దేన్ని పరుగెత్తిస్తారో వేరే చెప్పాలా? తెలుగు డాక్టర్లకు, ఇంజనీర్లకు తలుపు తెరిచిన 1965 వలస చట్టం దాని ముందు యూనిట్ కాలంలోది. ఈ పిల్లల అమ్మానాన్నల్లో చాలామందిని తీసుకొచ్చిన హెచ్-1బి వీసా మాత్రం 1990 చట్టంతో వచ్చింది, అంటే ఆ ఆఖరి యూనిట్ కాలంలోదే.