ఒక డిగ్రీ దగ్గర ఆగిపోయే సూత్రం

ఇంటర్ మొదటి ఏడాది సంయుక్త కోణాల పాఠంలో చాలామందికి చేయి జారే చోటు ఒకటుంది. సైన్ 75° కావాలంటే సైన్ 45°కి సైన్ 30° కలిపేస్తారు. 0.707, 0.5 కలిస్తే 1.207. సైన్ ఎప్పుడూ 1 దాటదు కాబట్టి తప్పు అక్కడే దొరికిపోతుంది.

సరైన పద్ధతి ఇది: మొదటి కోణం సైన్‌ని రెండోదాని కొసైన్‌తో, మొదటిదాని కొసైన్‌ని రెండోదాని సైన్‌తో గుణించి కలపాలి. కోణాల తేడాకైతే కలిపే బదులు తీసేయాలి.

సైన్ 75° = (√2/2)(√3/2) + (√2/2)(1/2) = (√6 + √2)/4

మధ్యలో మైనస్ పెడితే (√6 − √2)/4, అంటే సైన్ 15°. కాలిక్యులేటర్‌లో 0.9659 అని వచ్చేస్తుంటే ఈ వర్గమూలాల గోల ఎందుకని అడగొచ్చు. 75°, 15° కలిస్తే 90° కాబట్టి వాటి సైన్‌ల వర్గాల మొత్తం 1 కావాలి. 0.9659, 0.2588 వేసి చూడండి, 0.99994 దగ్గర ఆగుతుంది. వర్గమూలాలతో చేస్తే (8 + 2√12)/16, (8 − 2√12)/16 కలిసి √12 కొట్టుకుపోయి, సరిగ్గా 1 మిగులుతుంది.

ఈ సూత్రంతో ఎంత దూరం పోవచ్చన్నది పాఠ్యపుస్తకం పెద్దగా పట్టించుకోని ప్రశ్న. నాకు మాత్రం అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ అనే ఖగోళ శాస్త్రవేత్త అరడిగ్రీ మెట్టుతో 180° దాకా జ్యాల (వృత్తం మీది రెండు బిందువులను కలిపే గీతల) పొడవుల పట్టిక వేశాడు. కోణంలో సగానికి సైన్ కట్టి, వ్యాసంతో గుణిస్తే వచ్చేదే ఆ పొడవు. చక్రీయ చతుర్భుజం (నాలుగు మూలలూ ఒకే వృత్తం మీదుండేది) మీద అతని సిద్ధాంతంలోనే మన తేడా సూత్రం ఉంది. పంచభుజి నుంచి 72°, షడ్భుజి నుంచి 60° తీసుకున్నాడు. తేడా 12°. దాన్ని సగం చేస్తూ పోతే 6°, 3°, 1½°, ¾°. ఒక డిగ్రీ మాత్రం చిక్కలేదు. చివరికి 1½°, ¾° జ్యాల మధ్య దాన్ని ఇరికించి, తనకు కావలసినన్ని అంకెలు రాబట్టుకున్నాడు.

మన దగ్గర ఆర్యభటుడి 24 జ్యాలు (ఇక్కడ జ్యా అంటే సగం జ్యా, మన సైన్ లాంటిదే) 3°45′ మెట్టుతో నడుస్తాయి. 15°ని రెండుసార్లు సగం చేస్తే వచ్చేది అదే. కూడిక, తేడా సూత్రాలను 12వ శతాబ్దంలో రెండో భాస్కరుడు శ్లోకాల్లో చెప్పాడు.

ఒక డిగ్రీ ఎందుకు చిక్కదు? తెలివి చాలక కాదు. సైన్ 18° = (√5 − 1)/4. 18° నుంచి 15° తీసేస్తే 3° వస్తుంది కాబట్టి 3 గుణిజాలన్నిటికీ వర్గమూలాలతో విలువ రాయొచ్చు. 1°కి కూడా అలా రాయగలిగితే, ఇదే కూడిక సూత్రంతో దాన్ని 20 సార్లు కలిపి 20°కీ రాసేయొచ్చు. 60°లో మూడో వంతైన ఆ 20°, ఎన్ని వర్గమూలాలు వాడినా రాదని 1837లో వాంట్జెల్ అనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు నిరూపించాడు. కాబట్టి 1° కూడా రాదు.

అంతకు 400 ఏళ్ల ముందే సమర్‌ఖండ్‌లో అల్-కాషీ అనే గణితజ్ఞుడు వేరే దారి పట్టాడు. 3° నుంచి 1°కి వెళ్లాలంటే ఘన సమీకరణం అడ్డొస్తుంది. సైన్ 1°ని x అంటే, కూడిక సూత్రం నుంచి సైన్ 3° = 3x − 4x³, అంటే x = (సైన్ 3° + 4x³)/3. రెండు వైపులా x ఉంది కదా అని అతను ఆగలేదు. కుడివైపు అంచనా వేసి, వచ్చిన జవాబును మళ్లీ కుడివైపే పెట్టాడు. మనమూ చేసి చూద్దాం. సైన్ 3° విలువ 0.05233596. మొదట x³ని వదిలేస్తే x = 0.01744532. దాన్ని ఘనం చేసి, 4తో గుణించి, సైన్ 3°కి కలిపి, 3తో భాగిస్తే 0.01745240. అసలు విలువ 0.01745241. ఒక్క చుట్టుకే ఏడో దశాంశం దాకా వచ్చేశాం.